కిటికీలు మూయించిన డాక్టరమ్మ

1994 మే నెలలో నన్ను ఉదయగిరికీ ఆత్మకూరుకూ మధ్య ఉన్న ఒక చిన్న ఆసుపత్రికి సర్జన్‌గా వేశారు. అక్కడ నేనే పెద్ద డాక్టరును. నా కింద పిల్లల డాక్టరుగా చేరిన సుగుణ గారు మద్రాసులో పని నేర్చుకున్నారు. అక్కడివాళ్లు పక్కన పడేసిన ఒక లైటు పెట్టెను అడిగి తెచ్చుకున్నారు. బల్బు పెట్టెలోనే ఉంటుంది, వెలుతురు మాత్రం గాజుపోగుల గొట్టం గుండా వస్తుంది, వేడి తగలదు. దాన్ని పసిబిడ్డ అరచేతి కింద పెడితే సిరలు కనిపిస్తాయని ఆమె చెప్పారు. "నరం వేలికి తెలియాలిగానీ లైటెందుకమ్మా?" అని నవ్వేశాను.

ఒక మధ్యాహ్నం మర్రిపాడు వైపు నుంచి ఒక అవ్వ, ఏడు నెలల మనవరాలిని ఎత్తుకొచ్చింది. వాంతులు, విరేచనాలు. కళ్లు గుంటలు పడ్డాయి. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే ముడత అలాగే నిలిచింది. వెంటనే సెలైన్ ఎక్కకపోతే నెల్లూరు దాకా బతకదు.

ఒంట్లో నీరు తగ్గితే సిరలు అణిగిపోతాయి. 'నరం దొరకలేదు' అనేది అప్పుడే. చేతులు, పాదాలు, తల, అన్నిచోట్లా గుచ్చాను. వెలుతురు చాలలేదని కిటికీలన్నీ తెరిపించాను. "నేను చూడనా సార్?" అని సుగుణ గారు అడిగితే ఓపీ చూడమని పంపేశాను.

"ఏందయ్యా, బిడ్డను జల్లెడ చేసినావే! నీకు రాకపోతే వచ్చినోళ్లను పిలువు," అంది అవ్వ.

ఇక మిగిలింది చీలమండ దగ్గర కోసి, సిరను బయటికి తీసి గొట్టం పెట్టడం. అది నాకు బాగా వచ్చు. కానీ అంతసేపు ఆ బిడ్డ ఆగేలా లేదు. బ్లేడు పక్కన పెట్టి సుగుణ గారిని పిలిపించాను.

ఆమె వస్తూనే కిటికీలు మూయించారు.

"పట్టపగలు చీకటి చేస్తావేందమ్మా?"

"నీ మనవరాలి నరాలకు సిగ్గు జాస్తి అవ్వా. చీకటైతేనే కనపడతాయి."

గొట్టం చివరను ముందు తన మణికట్టుకు ఆనించి చూసుకున్నారు. తర్వాత బిడ్డ అరచేతి కింద పెట్టారు. చిన్న చెయ్యంతా ఎర్రగా వెలిగింది. ఆ ఎరుపులో ఒక నల్లని గీత. నా సూదిపోట్లు దాని పక్కనే ఉన్నాయి. వేలితో నొక్కితే గీత మాయమైంది, వదిలితే నిండింది. సిరేనని అలా తేల్చుకుని, చర్మాన్ని లాగిపట్టి సూదిని వాలుగా పోనిచ్చారు. సూది వెనక గొట్టంలోకి రక్తం వచ్చింది. నేను లైటు పట్టుకుని నిలబడ్డాను. అంత నిబ్బరమైన చేతులను సర్జన్లలోనూ అరుదుగా చూశాను.

సాయంత్రానికి బిడ్డ మూత్రం పోసింది. మేం ఎదురుచూస్తున్న గుర్తు అదే. "తడిపేసిందయ్యా నన్ను!" అని అవ్వ చీర చూపించి నవ్వింది.

సుగుణ గారికి క్షమాపణ చెప్పుకున్నాను. ఆ వారమే ఒక నియమం పెట్టాను: రెండుసార్లు గుచ్చినా సిర దొరకకపోతే సూదిని ఇంకొకరికి ఇవ్వాలి, హోదా చూడకూడదు. ఆ తర్వాత అక్కడున్నన్నాళ్లూ అందరికన్నా ఎక్కువసార్లు సూది వదులుకున్నది నేనే.