మొగిలి ఇచ్చిన తాడు

మొగిలికి ఉన్నది ఒకే ఒక్క రోగం. పక్కన ఒక మనిషి ఏదో ఒకటి పట్టుకొని నిలబడితే తప్ప అతని చేయి పనిలోకి దిగదు. "గిది జర పట్టుకో" అంటాడు. పానానో, టార్చినో, వైరు ముక్కనో ఎదుటివాడి చేతిలో పెడతాడు. ఆ తర్వాత ఆ ఎదుటివాణ్ణి మరిచిపోతాడు. గార్లలో మొగిలి కోసం ఏదీ పట్టుకోని మనిషి ఉన్నాడంటే వాడు ఊరికి కొత్తవాడైనా అయి ఉండాలి, ఊయలలోనైనా ఉండాలి.

ఓదెమ్మ కొడుకు పెళ్లిలో కరెంటు పోయింది. జనరేటర్ వైరు సరిచేస్తూ మొగిలి పక్కనున్నవాడికి టార్చి ఇచ్చాడు. పక్కనున్నవాడు పెళ్లికొడుకు.

"కాకా, నేను తాళి గట్టాలె!"

"నీ తాళి యాడికి పోతది? వైరు అంటుకుంటే పందిరంత కాల్తది. సక్కగ పట్టు."

ముహూర్తం దాటిపోయాక గానీ పెళ్లికొడుక్కి విడుదల దొరకలేదు. డోర్నకల్ చర్చిలో మైకు బాగుచేయబోయి నిచ్చెనను అయ్యగారి చేతికే అప్పగించాడు. ఆ వేళ అయ్యగారి ప్రార్థన అంతా నిచ్చెన మీదున్నవాడి క్షేమం గురించే సాగింది. రాస్తారోకోలో బ్యానరు కట్టబోయి, ఒక కర్రను బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుల్‌కు ఇచ్చాడు. మరునాడు పేపర్లో "జై తెలంగాణ" బ్యానరు పట్టుకొని కానిస్టేబుల్ ఫోటో పడింది. పాపం, ఆ కానిస్టేబుల్ తర్వాత మొగిలి కనబడితే చాలు, రెండు చేతులూ జేబుల్లో దాచుకునేవాడు.

ఈ కథలన్నీ చెప్పి ఊరి పక్కనున్న తన తండాను నవ్వించేవాడు హరిలాల్. ఇద్దరూ ఒకే లారీ మీద క్లీనర్లుగా పనిచేసిన దోస్తులు. తర్వాత మొగిలి మెకానిక్ అయ్యాడు, హరిలాల్ పాత అంబాసిడర్ కొని కిరాయికి తిప్పుకున్నాడు. అయితే ఆ ఏడాది వానాకాలం నుంచి హరిలాల్ ఎవర్నీ నవ్వించడం లేదు. భార్య జమ్లీకి గుండెనొప్పి వస్తే మానుకోట దవాఖానలో హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. హరిలాల్ తన కారులోనే బయల్దేరదీశాడు, దంతాలపల్లి దాటాక ఇంజను పట్టేసింది. ఇంకో బండి దొరికేలోపు జమ్లీ వెనక సీట్లోనే కన్నుమూసింది.

కారును ట్రాక్టరుకు కట్టి ఈడ్చుకొచ్చి ఇంటి పక్క కొట్టంలో పెట్టారు. హరిలాల్ గడపలో తల దించుకొని కూర్చున్నాడు. అంతే, ఆ తల మళ్లీ లేవలేదు. పెడితే రెండు మెతుకులు, లేకపోతే అదీ లేదు. లోకం మీద అతనికి ఆశ చచ్చిపోయింది, ఉన్నమాట అది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి, భూపాలపల్లిలో బొగ్గుబాయిలు ఆగిపోయాయి. హరిలాల్ బిడ్డ కవిత అక్కడే ఉంది. ఆమె మొగుడు సమ్మెలో ఉన్నాడు, ఆమెకు నెలలు నిండుతున్నాయి. కదిలి రాలేక మొగిలికి ఫోన్ చేసింది.

"కాకా, బాపు ఫోన్ల గూడ మాట్లాడుతలేడు. నాకు బుగులైతాంది. ఒక్కన్ని ఇడిసిపెట్టకు."

"నువ్వు పరేషాన్ గాకు బిడ్డా. నేనున్న గద."

అనడమైతే అన్నాడు. ఆ రోజుల్లో దిగులు పట్టిన మనుషులు ఏం చేసుకుంటున్నారో పేపర్లు రోజూ రాస్తూనే ఉన్నాయి. మొగిలి జనగామ పోయి, పాత సామాన్ల దుకాణంలో ఒక అంబాసిడర్ ఇంజను పట్టి ట్రాలీ ఆటోలో వేయించాడు. ఊరు దాటగానే ఉద్యమం పిల్లలు అడ్డం పడ్డారు. "ఏ బండి పోదు!" అని గద్దించిన వాళ్ల నాయకుడి చేతిలో మొగిలి ఇంజనుకు కట్టిన తాడు పెట్టాడు. "మంచిగొచ్చినవ్ తమ్మీ, గిది జర పట్టుకో. ఒరుగుతాంది." ఆ పిల్లాడు నినాదాలు ఇస్తూనే పాలకుర్తి దాకా ఇంజను పట్టుకొని వచ్చాడు.

తండాలో ఇంజను దించేసరికి హరిలాల్ గడపలోంచే అన్నాడు, "గదెందుకు తెచ్చినవ్‌రా? కారును పాత ఇనుముకు ఎయ్యి. నన్ను గూడ ఎయ్యి."

"ఏస్తగని, ముందుగాల గిది జర పట్టుకో."

కొట్టం దూలానికి గొలుసు వేసి, నలుగురి సాయంతో పాత ఇంజను బయటికి లాగి, కొత్తదాన్ని పైకెత్తారు. ఆ నలుగురూ పోయాక మొగిలి దూలం మీదుగా వచ్చిన ఒక తాడు కొసను హరిలాల్ చేతుల్లో పెట్టాడు.

"ఇడిస్తివా, ఇంజను నా మీద పడ్తది. నా పెండ్లాం నిన్ను కొడ్తది."

హరిలాల్ పట్టుకున్నాడు. బతుకు మీద ఆశ లేకపోయినా దోస్తు చేతులు విరగ్గొట్టేంత పాపిష్టివాడు కాదు. మొగిలి బోనెట్‌లో తల దూర్చి ఒక బోల్టు బిగించేవాడు, అది బాగా లేదని విప్పేవాడు. చాయ్ తాగి మళ్లీ బిగించేవాడు. ఒక పూట పనిని తీగలా సాగదీశాడు మహానుభావుడు. పొద్దుగూకితే "కొసను గుంజకు కట్టు, రేపు చూద్దాం" అనేవాడు. హరిలాల్ రెండు ముళ్లు వేసి, నమ్మకం చాలక మూడోది కూడా వేసేవాడు. తెల్లారితే మళ్లీ లేచి వచ్చేవాడు, రాకపోతే ఇంజను పడుతుంది కదా!

మధ్యాహ్నం మొగిలి సద్ది విప్పి జొన్నరొట్టె తుంచి అతని నోటి దగ్గర పెట్టేవాడు.

"నాకొద్దు."

"చేతులు ఖాళీ లెవ్వు, సరే. నోరు ఖాళీగనే ఉన్నది గద?"

మొదట్లో హరిలాల్ మొహం తిప్పుకున్నాడు. రెండు చేతుల్లో తాడున్న మనిషి ఎంతని తిప్పుకుంటాడు? తిన్నాడు. కొన్నాళ్లకు "కారం తక్కువున్నది" అనేదాకా వచ్చాడు. మొగిలి ఆ మాట విని బోనెట్ చాటున కళ్లు తుడుచుకున్నాడు. గ్రీజు చేత్తో తుడుచుకోవడం వల్ల సాయంత్రం దాకా దొంగలా కనిపించాడు.

ఒకరోజు వాన పట్టుకుంది. కొట్టం కప్పులోంచి ఒక చుక్క హరిలాల్ మెడ మీద పడింది. ఆ పగిలిన పెంకు మార్చమని జమ్లీ రెండు వానాకాలాలు పోరుపెట్టింది. ఆ పెంకు ఎక్కడుందో చూద్దామని హరిలాల్ తలెత్తాడు. అన్నాళ్లలో అదే మొదటిసారి.

పెంకు కనిపించింది. దాని కింద దూలం కనిపించింది. ఇంజను లావాటి గొలుసుకు నిమ్మళంగా వేలాడుతోంది. తన చేతిలోని తాడు మాత్రం దూలానికే ముడిపడి ఉంది, దాని అవతలి కొస ఇంజనుకు తగలకుండా గాల్లో ఊగుతోంది.

హరిలాల్ తాడు వదిలేశాడు. ఇంజను కదల్లేదు.

"మొగిలీ! గీ తాడు దేనికి గట్టినవ్‌రా?"

మొగిలి తల బయటికి తీశాడు. దూలం వంక చూశాడు. మొదటిసారి అతనికి ఎదుటివాడి చేతిలో పెట్టడానికి ఏమీ దొరకలేదు.

"నీకే గట్టిన. ఏం జెయ్యమంటవ్ మరి? లెవ్వమంటే లెవ్వవు, తినమంటే తినవు. నీ చేతులు ఉత్తగుంటె నాకు బుగులైతాందిరా."

హరిలాల్ తిట్టాడు. తెలుగులో మొదలుపెట్టి, చాలక తన తండా భాషలోకి దిగి తిట్టాడు. జమ్లీ పోయాక ఎండిపోయిన కళ్లు అప్పుడు కారాయి. తిట్లూ ఆగలేదు, కన్నీళ్లూ ఆగలేదు. సగం తిట్లు అర్థం కాకపోయినా మొగిలి వరమిచ్చిన దేవుణ్ణి చూసినట్టు చూస్తూ నిలబడ్డాడు.

చివరికి హరిలాల్ ముక్కు చీది, మొగిలి చేతిలోని పానా లాక్కున్నాడు.

"జరుగు. గిన్ని దినాలల్ల ఒక్క బోల్టు సక్కగ బిగియ్యరాదు నీకు. ఇంక నేను జూసుకుంట. బిడ్డను తోలుకరావొద్దా?"

అని బోనెట్‌లోకి వంగాడు.

మొగిలి రెండు చేతులూ ఖాళీ అయిపోయాయి. ఇటు చూశాడు, అటు చూశాడు. ఏం చేయాలో తోచలేదు. మెల్లగా పోయి, ఆ ఉత్త తాడునే గట్టిగా పట్టుకొని నిలబడ్డాడు.