చింతపండు నీళ్లలో ఎర్రబడ్డ దారం

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మేవాళ్లుంటే మాత్రం నాకు లాభమే. గద్వాలలో పట్టు ఉడికించే ఆ కొట్టం నాకు చవగ్గా దొరికింది అట్లాగే. అంతకుముందు అక్కడ పనిచేసిన సాయన్న కుండల మధ్యనే పడి చనిపోయి దయ్యమై తిరుగుతున్నాడని అందరూ చెప్పుకునేవారు. యజమాని అద్దె తగ్గించేదాకా నేను భయపడుతున్నట్టు నటించాను.

పట్టు ఉడికించడం రోత పని. చౌడు నీళ్లలో మరిగి పట్టు జిగురు కరుగుతుంటే ఎలుక కుళ్లిన కంపు వస్తుంది. ఆ బంక చేతులకు పట్టి అన్నం ముద్దలో కూడా తగులుతుంది. ఉడికాక లడీలను, అంటే పట్టు దారం చుట్టలను, చింతపండు నీళ్లలో ముంచి చౌడు విరగ్గొడతాం, లేకపోతే అది పట్టునే తినేస్తుంది. ముందు ఆ నీళ్లలో పసుపు పట్టించిన దారం ముంచి చూస్తాం. చౌడు ఉంటే దారం ఎర్రబడుతుంది, పులుపుంటే పసుపుగానే ఉంటుంది.

అవి యుద్ధం రోజులు, పట్టు దొరకడం లేదు. నేత పని చేసే లక్ష్మమ్మ ఇంట్లో రెండు లడీలే మిగిలాయి. అవి పాడైతే మగ్గం ఆగిపోతుంది. ఉడికించి ఇస్తానని పూచీ పడ్డాను.

లడీలు ఉడికాక కొత్త కుండలో చింతపండు నేనే పిసికాను. దారం ముంచితే ఎర్రబడింది. ఇంకాస్త పులుసు పోశాను. మరింత ఎర్రబడింది.

“సేటూ, నా పట్టు అండ్ల ఎయ్యకు. దారం జూడు, నెత్తురు లెక్క ఉంది” అంది లక్ష్మమ్మ.

“పసుపుల కల్తీ ఉంటదమ్మా. పసుపు గూడ అమ్మెటోణ్ని, నాకు తెల్వదా?” అంటూ వేలు ముంచి నాకాను. పళ్లు జివ్వుమనేంత పులుపు.

“సాయన్న గూడ గిట్లనే నాకి జూసెటోడు” అంటూ ఆమె ఒక లడీని కొంగులో చుట్టేసుకుంది. రెండోది నేను అప్పటికే ముంచేశాను.

కర్రతో ఎత్తితే లడీ రాలేదు. చీమిడిలాంటిది సాగుతూ వచ్చి నా పాదం మీద పడింది. అక్కడే కక్కుకున్నాను.

“సగం చీర ఎట్ల నేస్తరు సేటూ?” అంది లక్ష్మమ్మ. ఏడవను కూడా లేదు.

ఆమెకిచ్చేందుకు మరో లడీ కోసం వనపర్తి దాకా తిరిగాను. దొరకలేదు. ఆ మగ్గం ఆగిపోయింది.

నన్ను పీడించేది ఇంకొకటి. ఆ రోజు నోరు పుక్కిలిస్తే నీళ్లతో తెల్లటి పొర వచ్చింది. నా నాలుక తోలు. ఘాటైన చౌడు తగిలితేనే అట్లా ఊడుతుంది. కుండలో చౌడు ఎవరో కలిపారనే అనుకుందాం. మరి నా నాలుకకు తగిలిన ఆ పులుపు ఎక్కడిదో, ఈ రోజుకీ చెప్పలేను.