చెంబులోంచి పట్టిన శాంపిలు

నీటి పరీక్షల లాబ్‌లో అందరూ అతన్ని సీసాల మాస్టారు అంటారు. పద్దెనిమిదేళ్ళుగా ఊళ్ళు తిరిగి బోరు నీళ్ళు పట్టుకొచ్చి, అవి తాగడానికి పనికొస్తాయో, తోటకి పనికొస్తాయో తేల్చే మనిషి. కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేదీ అతనే: మోటారు పది నిమిషాలు నడవాలి, అదే నీళ్ళతో సీసా మూడుసార్లు కడగాలి, ఆ తర్వాతే పట్టాలి. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఆ పాఠం తప్పిందీ అతనే.

కిందటేడు ఒక ముసలమ్మ ఇంటికి వెళ్ళేసరికి కరెంటు లేదు. ఇంకా నాలుగు బోర్లు మిగిలున్నాయి, నడుం పీకుతోంది. ఆవిడ దాహానికిచ్చిన చెంబులో సగం తాగి, ఆవిడ లోపలికి వెళ్ళగానే మిగతా సగం సీసాలో పోసేశాడు. ఏ నీళ్ళైతేనేం, ఈ ఇంటివేగా అనుకున్నాడు. తాగడానికి భేషుగ్గా పనికొస్తాయని కాగితం వెళ్ళింది.

ఈ ఏడు అదే ఇంట్లో మోటారు నడిపించి పట్టాడు. ఫ్లోరైడు హద్దుకి రెండింతలు తేలింది. మూడుసార్లు చేసి చూసినా అంతే. నాలుకకి తెలియదు గానీ, ఏళ్ళ తరబడి తాగితే పిల్లల పళ్ళు గారకడతాయి, ఎముకలు వంగుతాయి. ఏడాదిలో ఏ బోరూ ఇంతగా మారదు. అప్పుడు చెంబు గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది. కొత్త కాగితం పోస్టులో పంపేస్తే అడిగే నాథుడు లేడు. అయినా కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాడు.

ముసలమ్మ కుర్చీ వేసి గ్లాసు చేతికిచ్చింది.

"తాగండి బాబూ, మా బోరు నీళ్ళే. మీ కాగితం వచ్చిన దగ్గర్నుంచి అందరం ఇవే తాగుతున్నాం. మనవరాలికి పాలు కూడా వీటితోనే కలుపుతున్నా."

"అంతకుముందో?"

"ఆ చివర బావి నుంచి మోసుకొచ్చేదాన్ని. ఆ రోజు మీకిచ్చినవీ అవే. ఎండన పడొచ్చిన మనిషికి పరీక్ష కాని బోరు నీళ్ళెలా ఇస్తాను?"

గడప మీద కూర్చున్న రెండేళ్ళ పాప అతన్ని చూసి నవ్వింది. ఆ చిన్న పళ్ళవైపు చూడలేకపోయాడు.

"తప్పు నాదమ్మా. కిందటేడు నేను మీ బోరు నీళ్ళు పట్టలేదు. మీరిచ్చిన చెంబులోవే పట్టుకెళ్ళాను. ఇవి చెట్లకి ఫర్వాలేదు. తాగకూడదు. పాపకి అసలే పట్టకూడదు."

తిడుతుందనుకున్నాడు. తిడితే బావుండుననిపించింది. ఆవిడ పాపని ఒకసారి చూసి, అతని చేతిలో గ్లాసు మెల్లగా తీసేసుకుంది.

"అయితే మీరూ తాగకండి బాబూ. కూర్చోండి, బావి నుంచి తెస్తాను."

మూలన ఏడాదిగా బోర్లించి ఉన్న బిందె తీసి దుమ్ము దులిపింది. అతను సిగ్గుతో లేచి చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వండమ్మా, నేను తెస్తాను."

ఆవిడ బిందె చంకనెత్తుకుంది.

"వద్దులే బాబూ. ఏ నీళ్ళు పట్టాలో నాకు తెలుసు."