నల్లమందు తిన్న భుజం

మార్కాపురంలో మా ఆయన పగలంతా గనిలో పలకరాయిని ఉలితో పొరలు పొరలుగా చీల్చేవాడు. పొద్దు వాలాక కసరత్తు చేసే తాలింఖానాకు పోయి రాతిగుండు ఎత్తేవాడు. మొదటి పని మమ్మల్ని పోషించేది, రెండోది ఆ పోషణంతా మింగేది. నానబెట్టిన శనగలు, పచ్చి గుడ్లు, మేకపాలలో నూరిన బాదంపప్పు, అన్నీ ఆ కండలకే. చంటిబిడ్డ తల్లినైన నాకు మాత్రం జొన్నసంకటి.

అయినా ఆ రోజులు తలచుకుంటే కోపం రాదు. పలకల దుమ్ముకు ఊరంతా బూడిదరంగు మబ్బులో ఉన్నట్టుండేది. అందులోంచి ఆయన నడిచి వస్తుంటే కాళ్లు నేలకు ఆనుతున్నాయో లేదో తెలిసేది కాదు. నేను గుమ్మంలో నిలబడి చూస్తూ పొయ్యి మీది సంకటి మాడబెట్టేదాన్ని.

ఏటా తిరునాళ్లలో గుండు ఎత్తే పందెం ఉండేది. ఒక ఏడు దానికి ముందు ఆయన కుడిభుజం పట్టేసింది. చెంబు ఎత్తాలన్నా పళ్లు బిగించేవాడు.

"ఈసారికి మానుకోవయ్యా. ఆ చెయ్యి పోతే ఉలి ఎవరు పట్టాల?" అన్నాను.

తల ఊపాడు. ఊపితే విన్నట్టేనని అనుకున్నాను, పిచ్చిదాన్ని.

తిరునాళ్ల నాడు తాలింఖానా ఉస్తాదు ఆయన నాలుక మీద పెసరగింజంత నల్లమందు పెట్టాడు. అప్పట్లో తెల్లదొరల సర్కారు లైసెన్సుతో దుకాణంలో బాహాటంగా అమ్మే సరుకే అది. దాని పైన ఒక లోటా ఇప్పసారా. "ఇంక నొప్పి ఊసే ఉండదు, పో బేటా" అన్నాడట. ఉస్తాదును తిట్టడానికీ నోరు రాదు. వయసులో ఉన్నప్పుడు ఉస్తాదు కూడా అట్లాగే మందు తిని ఎత్తినవాడు.

డప్పుల మోత నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు వినిపించింది నాకు. గుండు మోకాళ్ల మీదికి, రొమ్ము మీదికి, భుజం మీదికి మెల్లగా పాకింది. ఆయన ముఖం మీద నిద్రలో నవ్వే పసిబిడ్డ నవ్వు. నేనూ భయం మరిచిపోయి కేక పెట్టాను. నా మొగుడని ఒళ్లు పొంగిపోయింది.

ఇంటికొచ్చి బిడ్డను ఎత్తుకోబోయాడు. లేచింది ఎడమచేయి ఒక్కటే. కుడిచేయి తడిగుడ్డలా వేలాడుతోంది. ఆ సంగతి ఆయనకు తెలియదు.

"ఇయ్యవే, రెండు చేతులూ చాపినా గదా" అంటున్నాడు.

మత్తు దిగిపోయినా ఆ చేతికి స్పర్శ రాలేదు. ఆయన బదులు నేను గనికి పోయి పలకలు మోశాను. రోజూ వేడి ఆముదం పెట్టి ఆ చేయి రుద్దేదాన్ని. రుద్దుతుంటే ఆయన నల్లమల వైపు చూస్తూ కూర్చునేవాడు. గొంతుదాకా వచ్చిన తిట్లు ఆ చూపు చూసి మింగేసేదాన్ని.

ఒక ఉదయం బొటనవేలి మొదట్లో నొక్కాను.

"అబ్బా!" అని అరిచాడు.

నా చేతులు ఆగిపోయాయి. మళ్లీ నొక్కాను.

"ఏందే, చంపుతావా? నొప్పి!"

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆయన నా ముఖంలోకి చూశాడు, తన చేతిని చూసుకున్నాడు. ఆ చేతినే నా ఒళ్లో పెట్టి, "ఇంగోసారి నొక్కు" అన్నాడు.