పోగు కొరికే పళ్ళు

పోయిన నెల నగరి నుంచి ఒక నేతపని ఆమె దవడ వాపుతో మా పళ్ళాసుపత్రికి వచ్చింది. ఎక్స్‌రేలో ఎముక గుడ్డు పెంకు మాదిరి పలచబడి ఉంది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, పంటితో ఏదీ కొరకొద్దని చెప్పినాను.

ఈ రోజు రిపోర్టు వచ్చింది. అరుదైన గడ్డే, కానీ క్యాన్సర్ కాదు. ఆపరేషన్ చెయ్యాల. క్యాన్సర్ కాదనే మాట వినేసరికి ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"తెగిన పోగు ముడేసి, కొన పంటితోనే కదా మేడం కొరికేది. మీరు వద్దన్నప్పటి నుంచి ఈయనే తన మగ్గం గుంటలోంచి లేచొచ్చి నా పోగులు కొరుకుతా ఉండాడు" అనింది, పక్కనున్న మొగుణ్ణి చూపించి.

"ఇంట్లో కత్తెర లేదా మా?"

"ఉండాది. నేను తీసేలోపల వచ్చేస్తాడు."

ఆయన తల ఎత్తలేదు.

దారం కొరికితే పళ్ళు అరిగిపోతాయని కనబడినోళ్ళందరికీ చెప్పే నేను, ఈ రోజు ఆయనకు మాత్రం చెప్పలేకపోయినాను. మీరైతే చెప్పేవాళ్ళా?