అత్తమ్మ చెప్పిన నలభై ఒక్క రోజుల మొక్కు

మా అత్తమ్మ పోయింది. పోయిన బుధవారం పొద్దున సూర్యాపేటలోని ఇంట్లోనే, నాలుగు ముద్దల గటక తిని, కాసేపు ఒరుగుతానని పడుకుని ఇక లేవలేదు. తొంభై దాటిన మనిషి కాబట్టి వచ్చినవాళ్లంతా మంచి చావు అన్నారు. నన్ను గద్దించే మనిషి ఇంట్లో లేకుండా పోయిందని నాకు మాత్రం దుఃఖం ఆగడం లేదు.

ఆమె మెత్తగా మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. కూరలో ఉప్పు తగ్గితే పక్కింటికి వినబడేలా చెప్పేది. నాకు జ్వరమొస్తే మాత్రం చెప్పాపెట్టకుండా నా వంతు నీళ్లు కూడా తోడి పెట్టేది. అక్షరం ముక్క రాదు గానీ, ఒకసారి విన్న మాట పొల్లుపోనిచ్చేది కాదు. ఆమె బతికుండగా నేనీ సంగతి రాస్తే నా వీపు పగిలేది. మా ఆయన పోయి కూడా పదేళ్లయింది. ఇప్పుడు చెప్పినా నొచ్చుకునేవాళ్లు లేరు.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు మా ఆయన బొంబాయి నుంచి తిరిగొచ్చాడు. ఇక్కడ గలాటాలు ముదిరినప్పుడు వెళ్లి, బట్టల మిల్లులో రెండేళ్లు పనిచేశాడు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఆ రోజు తలంటుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని కూర్చున్నాను. మనిషి నిగనిగలాడుతూ దిగాడు. అత్తమ్మ ఆయన మంచం వసారాలో వేయించింది. కొడుకు క్షేమంగా వస్తే నలభై ఒక్క రోజులు ఆలుమగలను దూరంగా ఉంచుతానని మొక్కుకున్నానని వాడకట్టంతా వినేలా చెప్పింది. మొక్కు అన్నాక ఎవరు నోరెత్తుతారు?

రెండు రోజులకు తల్లీకొడుకులు చుట్టాలను చూసొస్తామని మిర్యాలగూడ బస్సెక్కారు. నలభై ఒక్క రోజులు నిండాక మళ్లీ వెళ్లారు. కొన్నాళ్లకు ఆమె ఒక్కతే ఇంకోసారి వెళ్లొచ్చి, మొక్కు ఇంకా తీరలేదంది. ఇదంతా జరిగిన రోజుల్లో అత్తమ్మ తన కొడుకు తాగిన గ్లాసులోనే నీళ్లు తాగేది, ఆయన కంచంలో మిగిలింది తినేది. జబ్బేదో ఉందని నాకెలా తోస్తుంది? కొడుకును పంచుకోవడం ఇష్టం లేకే ఇదంతా అనుకుని, కోదాడలోని పుట్టింటికి పోవడానికి పెట్టె సర్దాను.

"మీ అబ్బాయిని మీరే ఉంచుకోండి అత్తమ్మా, నేను వెళ్తున్నాను," అన్నాను.

ఆమె తలుపు దగ్గరికేసి వచ్చి నా పెట్టె మీద కూర్చుంది. "మొక్కు లేదు గిక్కు లేదు పిల్లా. వాని నెత్తుర్ల సవాయి రోగమున్నది," అంది.

తర్వాత మెల్లగా మొత్తం చెప్పింది. మా మామగారు బండ్లు తోలుకుని ఊళ్లు తిరిగే రోజుల్లో తెచ్చుకున్న ఆ సుఖరోగమే ఆమెకూ అంటిందట. మా ఆయన తర్వాత పుట్టిన ఇద్దరు పిల్లలు నెల తిరక్కుండానే పోయారు. గాలి సోకిందన్నారు, తాయెత్తులు కట్టారు. చివరికి మిర్యాలగూడ దవాఖానలో డాక్టరమ్మ నెత్తురు పరీక్ష చేయించి, మందిచ్చి, సంగతి విడమరిచి చెప్పింది. గ్లాసుతో, బట్టలతో, పక్కన కూర్చుంటే అంటేది కాదు. పడకతో అంటుతుంది, కడుపులోని బిడ్డకు పాకుతుంది. పైకి ఏమీ కనబడకుండా లోపల ఉండగలదు. కొత్తగా అంటితే మొదటి పరీక్షలో దొరక్కపోవచ్చు, నెలా నెలన్నర ఆగి మళ్లీ చూడాలి. మా ఆయన విషయంలో అదే జరిగింది. మొదటిసారి ఏమీ లేదన్నారు, రెండోసారి బయటపడింది; ఆ ఫలితం తెలుసుకోవడానికే ఆమె ఒక్కతే వెళ్లొచ్చింది. పరీక్షకని తెలిస్తే వాడకట్టు బతకనివ్వదు కాబట్టి మొక్కు కల్పించింది.

నాకెందుకు చెప్పలేదని ఏడ్చాను.

"సెప్తే నువ్వు ఉండవని భయమైంది. నాకైతే ఎవ్వలు సెప్పలే బిడ్డా. సెప్పి ఉంటే నా ఇద్దరు బతికెటోళ్లు."

నాకు చెప్పకపోవడం తప్పే. ఈ రోజుకీ అంటాను. కానీ పెట్టె విప్పాను.

మర్నాడు ముగ్గురం మిర్యాలగూడ వెళ్లాం. డాక్టరమ్మ నా నెత్తురు కూడా తీయించింది, అందులో ఏమీ లేదని తేలింది. అప్పుడప్పుడే వస్తున్న పెన్సిలిన్ సూదులు మా ఆయనకు వేశారు. సూదులు వేయించుకోగానే పని అయిపోలేదు, నెలలు గడిచాక మళ్లీ పరీక్ష చేసి సరేనన్నాకే మంచం లోపలికొచ్చింది. ఆ తర్వాత కూడా ఒక నెల నేను ఆయనతో మాట్లాడలేదు. ఆయనకు ఆ శిక్ష తగినదే.

అప్పటి నుంచి పట్నం నుంచో బొంబాయి నుంచో ఎవరి మగడు తిరిగొచ్చినా, ఎవరికి కడుపు నిలవకపోయినా, అత్తమ్మ ఆ ఇంటి ఆడమనిషిని బావి దగ్గర పక్కకు పిలిచేది. "మొగం సూసి నెత్తురు సెప్పలేం. ఒక్కదానివే పోకు, ఇద్దరు పోండ్రి," అనేది. కొందరు తిట్టారు. కొందరు వెళ్లారు.

మంచం లోపలికొచ్చిన మరుసటి ఏడు నాకు ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని ఇంకా స్నానం పోయకముందే అత్తమ్మ బిడ్డను వెలుతురులోకి తీసుకుపోయి, పిడికిళ్లు విప్పి అరచేతులు చూసింది, అరికాళ్లు చూసింది. గీతలు చూస్తోందనుకున్నాను. ఆమె పోగొట్టుకున్న ఇద్దరికీ పుట్టగానే అరచేతుల్లో, అరికాళ్లలో పొక్కులు లేచి తోలు ఊడిందని చాలా ఏళ్లకు చెప్పింది. నా నలుగురు పిల్లలకూ, వాళ్ల పిల్లలకూ అలాగే చూసింది.

నిరుడు మనవరాలి బిడ్డను తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాం. అప్పటికి చూపు పూర్తిగా పోయింది. అయినా గడప దగ్గరికి జరిగి, ఆ చిన్న పిడికిలిని ఒక్కో వేలే విప్పి, అరచేతిని బొటనవేలితో తడిమింది. నున్నగానే ఉంది. అయినా చాలాసేపు వదల్లేదు.