అవ్వ వాకిట్లో నాలుగు కుండలు

1966 నవంబరు, బుధవారం. పొద్దున ఆరు బిందెల నీళ్లు తోడాను. రెండు శేర్ల కందిపప్పు చెరిగి, రాళ్లేరి డబ్బాకెత్తాను. మూడు దుప్పట్లు ఉతికి ఆరేశాను. నాలుగోది బండ మీద బాదుతుండగా ఎదురింటి కుమ్మరి అవ్వ కోడలు వచ్చి గోడ పక్కన నిలబడింది.

"అక్కా, మా అత్త పోయింది. చాయ తాగి గిలాస కింద పెట్టింది, గంతే," అంది.

నాలుగో దుప్పటి ఆ రోజు ఉతకలేదు. రోజూ చేసిన పనులు రాసుకునే నా పుస్తకంలో ఆ వరుస అలాగే సగంలో ఆగి ఉంది.

తాండూరులో మా గల్లీకి నేను కోడలిగా వచ్చేసరికే ఆమె అందరికీ అవ్వ. కన్నడ దిక్కు నుంచి వచ్చిన మనిషి కావడంతో లెక్కపెట్టేటప్పుడు మాత్రం ఒందు, ఎరడు, మూరు అనేది. కుండ కొనడానికి ఎవరైనా వెళితే వెంటనే ఇచ్చేది కాదు. మన చేతికిచ్చి, "కొట్టి చూడు," అనేది. మనం మొహమాటపడితే తనే వేలి కణుపుతో చుట్టూ కొట్టి వినిపించేది; పగులు లేని కుండ ఖంగున మోగుతుంది. నేను మొదటిసారి కొన్నప్పుడు, "నువ్వు చెప్తే చాలదా అవ్వా," అన్నాను. "నేను అమ్మేదాన్ని బిడ్డా. నా మాట ఎందుకు ఇంటవ్? కుండను ఇను," అంది.

1948లో నిజాం రాజ్యం పోయాక నాలుగేళ్లకు మొట్టమొదటి ఓట్లు వచ్చాయి. అప్పటిదాకా మా గల్లీ ఆడవాళ్లను ఏ విషయంలోనూ ఎవరూ ఏదీ అడిగింది లేదు. ఓటు అంటే ఏమిటో తెలియక కొందరు, మగవాళ్లు చెప్పిన చోట వేసి వస్తే సరిపోతుందని కొందరు ఉండేవారు. అవ్వకు మాత్రం ఒక విషయం కావాలి. అంతకు ఆరేళ్ల ముందు ఆమె కూతురు కాన్పు కష్టమై, తాండూరులో చూసే ఆడ డాక్టరు లేక, రైల్లో వికారాబాద్ తీసుకెళుతుంటే స్టేషన్ రాకముందే అవ్వ ఒళ్లోనే చనిపోయింది. మా ఊళ్లోనే ఒక ఆడ డాక్టరు ఉండాలన్నది ఆమె కోరిక. ఓటు అడగడానికి వచ్చిన ప్రతివాడినీ అరుగు మీద కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడిగేది. ఎవలు జేస్తరు, ఎన్నడు జేస్తరు, కాకపోతే నేను ఎవల్ని అడగాలె.

తక్కెడ గుర్తు మీద నిలబడ్డ సావుకారు నవ్వుతూ, "అంతా నేను చూసుకుంట అవ్వా, నువ్వు ఫికర్ జెయ్యకు," అన్నాడు.

"అంతా అంటే ఏందయ్యా?" అంది అవ్వ.

"అంతా అంటే అంతా."

"గంత పెద్ద కుండ నేను ఎన్నడు చెయ్యలె," అంది. ఆయన వెంట వచ్చినవాళ్లే నవ్వాపుకోలేకపోయారు.

గొడుగు గుర్తు మనిషి ఒక్కడే నడిచి వచ్చాడు. అవ్వ ప్రశ్నలకు కాసేపు ఆలోచించి, "ఏడాదిల తెస్తనని చెప్పలేను. గది దొరకాలె, జీతం మంజూరు కావాలె. ఆర్నెల్లకోసారి ఇదే అరుగు మీదికొచ్చి ఏడిదాంక అయ్యిందో చెప్త. రాకుంటే నా ఇంటికొచ్చి గల్ల వట్టుకో," అన్నాడు. ఆయన వెళ్లాక అవ్వ మాతో, "ఈయన జర మోగుతున్నడు," అంది.

అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. పెట్టె మీద గుర్తు అంటించి ఉంటుంది. తెర వెనక్కి వెళ్లి, మనకిచ్చిన చీటీ కావలసినవాడి పెట్టెలో వేసి రావాలి. అది నేర్పడానికి అవ్వ నాలుగు కుండల మీద సున్నంతో నాలుగు బొమ్మలు గీసి వాకిట్లో వరుసగా పెట్టింది. చింతాకు ఒక్కటి చేతికిచ్చి వేయమనేది. ఒకామె వేయగానే కుండలు తారుమారు చేసేది. ఇంకొకామె వేయగానే మళ్లీ. అంతటితో ఆగక, "గొడుగుల ఎందుకేసినవ్? ఆయన ఏమన్నడు? తక్కెడాయన ఏమన్నడు?" అని అడిగేది. జవాబు రాకపోతే ఆకు తీసి మళ్లీ చేతిలో పెట్టేది. ఒక్కొక్కరికీ పావుగంట పట్టేది. గొడుగుకే వేయాలని ఎవరితోనూ అనలేదు. ఎందుకు వేశారో చెప్పగలిగితే ఆమెకు చాలు.

నాకది చాదస్తంగా కనిపించింది. ఏ పనికైనా ఒక వరుస ఉండాలన్నది నా పద్ధతి. అప్పటికి అందరి మొగ్గూ గొడుగుకే. మా ఆయన తెచ్చిన అభ్యర్థుల జాబితాలో గొడుగు రెండోది, పెట్టెలూ అదే వరుసలో ఉంటాయనుకున్నాను. బావి దగ్గర పదహారుగురు ఆడవాళ్లను పక్కకు పిలిచి చెప్పాను. "లోపల బొమ్మలు వెతుక్కుంటూ పరేషాన్ కాకండి. ఎడమ చేతి దిక్కు నుంచి రెండో పెట్టె. కండ్లు మూసుకొని ఏసినా తప్పు పోదు."

వాళ్లకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. "గీ మాట ముందే చెప్పరాదు? ఆ ముసల్ది ఆకులు పట్టిచ్చి సతాయిస్తున్నది," అంది ఎల్లమ్మ. ఆమె బండలు కొట్టేవాళ్ల ఇంటి మనిషి, ఏదైనా మొహం మీదే అంటుంది. ఆ మర్నాటి నుంచి అవ్వ వాకిట్లోకి ఎవరూ వెళ్లలేదు. అందరికీ వచ్చేసిందని ఆమె అనుకుంది.

ఓట్ల రోజు ఆడవాళ్ల వరుసలో అందరికంటే ముందు అవ్వ నిలబడింది. తర్వాత ఆ పదహారుగురు. ఎవరూ తప్పిపోకుండా చూడాలని నేను చివర నిలబడ్డాను. ఒక్కొక్కరూ వెళ్లి, రెండు నిమిషాల్లో నవ్వుతూ వస్తుంటే నా ఏర్పాటు చూసి నాకే ముచ్చటేసింది.

నా వంతు వచ్చి తెర వెనక్కి వెళ్లాను. ఎడమ నుంచి రెండో పెట్టె మీద తక్కెడ ఉంది. గొడుగు మూడో చోట ఉంది.

అక్కడి గుమాస్తా ఏళ్ల తరబడి ఉర్దూ దస్త్రాలు రాసిన మనిషి. ఆయనకు కాగితం కుడివైపు నుంచి మొదలవుతుంది. పెట్టెలూ కుడి నుంచే పేర్చాడు. తప్పు ఆయనది కాదు. ప్రతి పెట్టె మీదా బొమ్మ స్పష్టంగానే ఉంది. నేనే చూడవద్దని చెప్పి పంపాను. నా చీటీ గొడుగులో వేసి బయటికి వచ్చాను. ఎల్లమ్మ నా చెయ్యి పట్టుకుని, "రెండోదే గద? ఏసినం," అంది. నేను తల ఊపాను.

ఆ సాయంత్రమే చెప్పవచ్చు. మర్నాడు చెప్పవచ్చు. చెప్పలేదు.

లెక్క తేలాక గొడుగు మనిషి ఓడిపోయాడు. మా పదహారు చీటీలతో గెలిచేవాడని నేను అనను, తేడా ఇంకా పెద్దది. కానీ సావుకారు మనిషి ఒకడు పనిగట్టుకుని అవ్వ అరుగు దగ్గరికి వచ్చాడు. "నీ గల్లీ ఆడోల్ల పెట్టెల గొడుగుకు రెండంటే రెండు పడ్డయ్ అవ్వా. మంచిగ నేర్పినవ్. మా సావుకారు నీకు చీర పెట్టాలె," అన్నాడు.

గల్లీ అంతా విన్నది. రెండోదేనని నేను తల ఊపి ఉన్నాను కాబట్టి నన్నెవరూ అనుమానించలేదు, కుండల తారుమారుతో మిగతావాళ్లు తప్పు వేశారని ఎవరికి వారే అనుకున్నారు. ఆడవాళ్లందరూ అవ్వ మీద పడ్డారు. "కుండలు దినాం అటిటు జరిపితే మాకేం తెలుస్తది? నువ్వే ఆగం జేసినవ్. నీ కుండల ఆట బంద్ జెయ్," అని ఎల్లమ్మ అంటుంటే నేను మా తలుపు దగ్గరే ఉన్నాను. అవ్వ రోడ్డుకు అవతల ఉన్న నా వైపు చూసింది. రెండు చీటీల్లో ఒకటి తనది. తన మీద పడనిది నేనొక్కదాన్నే కావడంతో రెండోది ఎవరిదో ఆమెకు లెక్క తేలినట్టుంది.

మూడు రోజుల తర్వాత నీళ్ల కుండ కోసం వెళ్లాను. ఎప్పటిలాగే, "కొట్టి చూడు," అని చేతికిచ్చింది. కొట్టాను. "నువ్వు బొమ్మ చూసే ఏసినవ్ గద బిడ్డా?" అంది. "చూసే ఏసిన అవ్వా," అన్నాను. ఇంకేమైనా చెబుతానేమోనని కాసేపు ఆగింది. నేను కుండ చంకన పెట్టుకుని వచ్చేశాను.

ఐదేళ్లకు మళ్లీ ఓట్లు వచ్చినప్పుడు అవ్వ మళ్లీ నాలుగు కుండలు వాకిట్లో పెట్టింది. పక్కన చింతాకుల కొమ్మ పెట్టుకుని కూర్చుంది. ఎవరూ రాలేదు. ఇంట్లో మగవాళ్లు ఎక్కడ చెబితే అక్కడ వేయడానికి అందరూ నిశ్చయించుకున్నారు. నేను కిటికీలోంచి చూస్తూనే బియ్యం ఏరాను, అంట్లు తోమాను, పొయ్యి అలికాను. మధ్యలో రోడ్డు దాటడానికి పది అడుగులు. పొద్దు గూకే వేళకు ఆమె ఒక్కో కుండా తీసి లోపల పెట్టుకుంది. మూడోసారి ఓట్లకు ఆ కుండలు బయటికి రానేలేదు. ఆడ డాక్టరూ రాలేదు. కాన్పు కష్టమైతే మాకు ఇప్పటికీ వికారాబాద్ రైలే దిక్కు.

ఇన్నేళ్లూ ఆమె నాతో మాట్లాడటం మానలేదు. నా పిల్లలు ఆడుకోవడానికి చిన్న మట్టి గురుగులు చేసిచ్చింది. ఒకసారి కోపంగా ఒక్క మాట అని ఉంటే నేనూ నోరు విప్పేదాన్నేమో. ఆమె అనలేదు. నన్ను చెప్పనివ్వడానికి చోటు వదిలిపెట్టిందని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ చోటులో నేను పద్నాలుగేళ్లు మౌనంగా కూర్చున్నాను.

పదకొండో రోజు కర్మ అయ్యాక ఆడవాళ్లందరూ అవ్వ వాకిట్లో ఉన్నప్పుడు లేచి నిలబడి చెప్పాను. బావి దగ్గర నేను చెప్పిన మాట, తెర వెనక నేను చూసింది, ఎల్లమ్మకు తల ఊపింది, అన్నీ వరుసగా చెప్పాను.

అందరికంటే ముందు ఎల్లమ్మ అంది. "గీ మాట ఆమె బతికున్నప్పుడు చెప్తే నీ సొమ్మేం పోతుండె? ఆమె మొఖం మీద ఎన్నెన్ని మాటలన్న నేను. ఇగ ఎవలికి పోయి తప్పయిందని చెప్పాలె?"



అవ్వ కోడలు నెమ్మదిగా, "మా అత్తకు ఎరుకే అక్కా. నేనే పోయి అడుగుతనంటే వద్దన్నది. 'అది అన్ని లెక్కలు రాసుకునే మనిషి, ఓ దినం అదే వస్తది' అంటుండె. నువ్వు వాకిట్లకొచ్చినప్పుడల్ల చాపేస్తుండె," అంది.

ఆ చాప నాకు గుర్తుంది. ఎప్పుడు వెళ్లినా, కుండ కోసమే అన్నా, పరిచేది. నేను ఎప్పుడూ కూర్చోలేదు, పని ఉందనేదాన్ని.

వచ్చే ఫిబ్రవరిలో మళ్లీ ఓట్లట. ఇప్పుడు వేర్వేరు పెట్టెలు లేవు, ఒకే కాగితం మీద బొమ్మ ఎదురుగా ముద్ర వేయాలి. అయినా ఆ కుండలు ఉన్నాయా అని అడిగాను. కోడలు లోపలి నుంచి తెచ్చింది. ఒకదానిలో ఎల్లిపాయలు, ఒకదానిలో సొర విత్తనాలు, ఒకదాని అంచు విరిగింది. గొడుగు బొమ్మలో పిడి ఒక్కటే మిగిలింది. సున్నం కలిపి నాలుగు కొత్త బొమ్మలు గీశాను. నా గీత వంకరగా వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం అవ్వ చాప వేసుకుని వాకిట్లో కూర్చున్నాను. చాలాసేపటికి ఎల్లమ్మ వచ్చింది. నాతో మాట్లాడకుండా చింతాకు తీసుకుని ఒక కుండలో వేసింది.

"ఎందుకేసినవ్?" అన్నాను.

"ఇంకా ఎవలూ వచ్చి అడగనే లేదు. ఏమో, ఎందుకేసిననో."

ఆకు తీసి ఆమె చేతిలో పెట్టాను. కుండలు తారుమారు చేశాను.

"మళ్ల జరిపినవా?"

"జరిపిన."

"గా ముసల్దాని లెక్కనే సతాయిస్తున్నవ్," అని ఎల్లమ్మ కూర్చుంది. కళ్లు తుడుచుకుని, "సరే, వచ్చినోల్లను ఏమేం అడగాలెనో చెప్పు," అంది.

ఇంటికొచ్చి పుస్తకం తీశాను. నీళ్లు ఆరు బిందెలు. దుప్పటి ఒకటి, ఉతికాను. కుమ్మరి అవ్వకు చెప్పాల్సిన మాట ఒకటి, పద్నాలుగేళ్ల బాకీ, ఆమె లేని వాకిట్లో చెప్పాను. చెల్లు.